6,666 రెట్లు జీతం: సీఈఓని బయట వెతకాలా, ఇంట్లోనే ఉన్నాడా?

(నిన్న రాత్రి స్టూడియోలో జరిగిన చర్చ ఇది, మాటలు ఉన్నవి ఉన్నట్టే దించాం. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట పెద్దాయన గొంతే వినబడింది, అందుకని అదే రాశాం. అతిథులకి పేర్లు పెట్టలేదు, చేసే పనే రాశాం: ఒక పారిశ్రామికవేత్త, కంపెనీలకి పెద్ద అధికారుల్ని వెతికి పెట్టే సెర్చ్ కన్సల్టెంట్, కంపెనీ బోర్డులో కూర్చునే మేడం.)

యాంకర్: నమస్కారం అండీ, షోకి స్వాగతం. ఈ రోజు జీతాల గురించి, మన జీతాలు కాదు లెండి. అమెరికాలో యూనియన్ల సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ 2025 జూలైలో ఒక లెక్క బయటపెట్టింది, 2024కి స్టార్‌బక్స్ సీఈఓ బ్రయన్ నికోల్ జీతం వాళ్ళ మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి) జీతానికి 6,666 రెట్లంట. ఉద్యోగికి ఏడాదికి 14,674 డాలర్లు, ఈయన ప్యాకేజీ 95.8 మిలియన్ డాలర్లు (పూర్తి ఏడాదికి లెక్కకట్టి దాదాపు 97.8 అనుకుంటే ఆ 6,666 వస్తుంది), మన లెక్కలో 800 కోట్ల పైమాటే. అదీ బయటి నుంచి తెచ్చిన మనిషికి. ఇంత పోసి బయటోడిని తేవాలా, ఇంట్లో ఎవరూ లేరా? ఇంకోటి, ఎక్కడ చూసినా మన తెలుగోళ్ళే సీఈఓలు కదా, మరి ఈ వేటలో తెలుగోడి అడ్వాంటేజ్ ఏంటి, అది కూడా మాట్లాడదాం. ముందు బాలానగర్‌లో నలభై ఏళ్ళుగా ఫ్యాక్టరీ నడుపుతున్న పెద్దాయన. సార్, ఒక్క నిమిషంలో.

పారిశ్రామికవేత్త: ఒక్క నిమిషంలో ఏం చెప్తాను బాబూ. చూడు, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్లేదు, ఈ బోర్డుల జబ్బు అదే. ఇంట్లో పాతికేళ్ళ నుంచి చాకిరీ చేసినోడు కనపడడు, పక్క కంపెనీలో టై కట్టుకున్నోడు దేవుడిలా కనిపిస్తాడు. ఈ నికోల్ కంటే ముందు ఎవరున్నారు? లక్ష్మణ్ నరసింహన్. ఆయన్ని తెచ్చిందీ బయటి నుంచే, డెట్టాల్ చేసే రెకిట్ నుంచి. పాపం ఆయన సీఈఓ కుర్చీ ఎక్కేముందు నెలల తరబడి ఆకుపచ్చ ఏప్రాన్ కట్టుకుని కాఫీ కలిపాడు, బారిస్టా సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. 2023 మార్చిలో కుర్చీ ఎక్కాడు, 2024 ఆగస్టులో దింపేశారు. ఏడాదిన్నర కూడా లేదు! మళ్ళీ బుద్ధొచ్చిందా? రాలేదు, మళ్ళీ బయటికే పోయారు, ఈసారి చిపోట్లే అనే మెక్సికన్ తిండి హోటళ్ళ కంపెనీకి...

సెర్చ్ కన్సల్టెంట్: సార్, ఒక్కటి, ఆ 95.8లో...

పారిశ్రామికవేత్త: నన్ను పూర్తి చెయ్యనీ.

యాంకర్: ఆయన్ని పూర్తి చెయ్యనివ్వండి, మీకూ టైమిస్తా.

(ఇచ్చింది ఆరు నిమిషాల తర్వాత.)

పారిశ్రామికవేత్త: నా ప్లాంట్ మేనేజర్ ఐటీఐ చదివి ఫిట్టర్‌గా వచ్చాడు. లేత్ మెషిన్ సౌండ్ వింటే చాలు, బేరింగ్ పోయిందో బెల్టు పోయిందో దూరం నుంచే చెప్తాడు. ఇది ఏ ఎంబీఏ చెప్తాడు? వాడే నా సీఈఓ.

బోర్డ్ మెంబర్ మేడం: సీఈఓ ఆయనా, మీరా సార్?

పారిశ్రామికవేత్త: అంటే... ఎండీ నేనేలే. పాయింట్ అది కాదు.

సెర్చ్ కన్సల్టెంట్: ఇప్పుడైనా చెప్పనివ్వండి. ఆ 95.8 మిలియన్లలో ఎక్కువ భాగం షేర్లు, నగదు కాదు. ఆయన చిపోట్లే వదిలేస్తే అక్కడ రావాల్సిన షేర్లు పోతాయి, వాటికి బదులు ఇచ్చినవే చాలావరకు. మా భాషలో మేక్-హోల్ అంటాం. మంచి మనిషి ఎప్పుడూ ఖాళీగా ఉండడు కదా, వేరే చోట కట్టేసి ఉంటాడు, ఆ తాడు కొనాలి. ఇంకోటి, ఆయన పేరు ప్రకటించిన రోజే స్టార్‌బక్స్ షేరు 24 శాతం పైగా లేచింది, చిపోట్లే 7 శాతం పైగా పడింది. ఆ ఒక్క రోజులో పెరిగిన కంపెనీ విలువ ముందు ఈ జీతం...

పారిశ్రామికవేత్త: షేరు లేస్తే కాఫీ రుచి పెరిగిందా?

యాంకర్: (నవ్వుతూ) బాగుంది సార్ ఈ మాట, స్క్రోలింగ్‌లో వెయ్యండి. కన్సల్టెంట్ గారూ, మీరు మనుషుల్ని వెతికే పనిలో ఉన్నారు కదా, తెలుగు క్యాండిడేట్ అంటే క్లయింట్లు ఎలా చూస్తారు?

సెర్చ్ కన్సల్టెంట్: ఎవరూ అలా అడగరండీ. అడిగేదల్లా ఇంతకుముందు ఏం నిలబెట్టాడు, ఎవరిని పెంచాడు, ఎందుకు మారాలనుకుంటున్నాడు. మేం చేసేది రిటెయిన్డ్ సెర్చ్, అంటే మనిషి దొరికాక కమిషన్ కాదు, పని మొదలుపెట్టినప్పటి నుంచే ఫీజు, మామూలుగా ఆ మనిషి మొదటి ఏడాది నగదు జీతంలో మూడో వంతు, మూడు వాయిదాల్లో. లాంగ్ లిస్ట్ అవుతుంది, షార్ట్ లిస్ట్ అవుతుంది, రిఫరెన్స్ చెక్‌లు, చివరికి ఇద్దరు మిగుల్తారు. ఇదంతా చెవులు కొరుక్కున్నట్టు నడుస్తుంది. ఒకసారి ఒక ఫార్మా ఆయన్ని హోటల్ కాఫీ షాప్‌లో కలుస్తున్నా, ఉన్నట్టుండి ఆయన మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏంటా అని చూస్తే వాళ్ళ చైర్మన్ గారి భార్య వెనక టేబుల్లో కిట్టీ పార్టీలో ఉంది. ముప్పావుగంట కార్డు వెనక నుంచే మాట్లాడాడు, వెయిటర్ నాలుగుసార్లు వచ్చి ఆర్డర్ అడిగాడు. అంతా కుదిరాక ఆఖర్న ఎక్కడ ఆగిందో తెలుసా? మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఈ ఏడాది కదలలేం అన్నాడు.

యాంకర్: అది మాత్రం పక్కా మనోళ్ళ కథ!

బోర్డ్ మెంబర్ మేడం: కదలడం అన్నారు కాబట్టి చెప్తాను. నికోల్ కూడా చేరేటప్పుడు కదల్లేదు. హెడ్ ఆఫీస్ సియాటిల్, అప్పుడు ఆయన ఉన్నది కాలిఫోర్నియా, వెళ్ళి రావడానికి కంపెనీ విమానం ఇచ్చారు. మన దగ్గర విప్రోలోనూ అంతే, థియరీ డెలాపోర్ట్ 2020 జూలై నుంచి పారిస్‌లో ఉంటూనే నడిపారు. మన చట్టంలో దీనికో నిబంధన ఉంది, కంపెనీల చట్టం షెడ్యూల్ ఫైవ్ ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్ భారత్‌లో నివాసి అయి ఉండాలి, కాకపోతే కేంద్రం అనుమతి...

పారిశ్రామికవేత్త: ఆ విప్రోనే తీసుకోండి! డెలాపోర్ట్ 2024 ఏప్రిల్లో టర్మ్ పూర్తికాకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరిని పెట్టారు? శ్రీని పల్లియా, 1992 నుంచి విప్రోలో ఉన్న మనిషి. పెరటి చెట్టు! నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే. టీసీఎస్ ఎప్పుడైనా బయటికి పోయిందా? కృతివాసన్ 1989లో చేరాడు. జీతం కూడా చూడండి, 2024-25లో 26 కోట్ల చిల్లర.

సెర్చ్ కన్సల్టెంట్: మరి ఇన్ఫోసిస్ సలీల్ పరేఖ్? ఆయనా ఫ్రాన్స్ ఐటీ కంపెనీ క్యాప్‌జెమినీ నుంచే వచ్చారు, డెలాపోర్ట్ లాగానే. 2018 జనవరి నుంచి ఇప్పటిదాకా కుర్చీ కదల్లేదు. ఒకే కంపెనీ నుంచి ఇద్దరొచ్చారు, ఒకరు కుదిరారు, ఒకరు కుదర్లేదు. బయటా లోపలా అన్నది కాదు సార్ ప్రశ్న.

పారిశ్రామికవేత్త: ఆయనకి 2024-25లో 80 కోట్లిచ్చారు. ఆయనకంటే ముందు సీఈఓగా ఉన్న విశాల్ సిక్కాకి ఏమైంది, అది చెప్పు.

సెర్చ్ కన్సల్టెంట్: 2017 ఆగస్టులో రాజీనామా చేశారు, ఫౌండర్లకీ బోర్డుకీ మధ్య గొడవల్లో...

పారిశ్రామికవేత్త: ఆ! అంతే!

(ఇక్కడ రెండు నిమిషాలు ఎవరి మాటా అర్థం కాలేదు. "ఫౌండర్లు" అన్న ముక్క చాలాసార్లు వినబడింది.)

యాంకర్: ఆగండాగండి. మీరందరూ ఒక పెద్ద పేరు మర్చిపోతున్నారు. సత్య నాదెళ్ళ! బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. అడోబీ శంతను నారాయణ్ కూడా అక్కడే. ఇది తెలుగు బుర్ర కాదా?

బోర్డ్ మెంబర్ మేడం: స్కూల్ సంగతి సరే. నాదెళ్ళ మైక్రోసాఫ్ట్‌లో 1992లో చేరారు, 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యారు. మధ్యలో 22 ఏళ్ళు. అది ఊరి గొప్ప కంటే...

పారిశ్రామికవేత్త: లోపలి మనిషి! రాసుకోండి! నా మాటే మేడం గారూ చెప్తున్నారు.

బోర్డ్ మెంబర్ మేడం: నేను మీ మాట చెప్పడం లేదు. నాదెళ్ళని పెట్టేముందు ఆ బోర్డు అయిదు నెలల పైన వెతికింది. అప్పటి సీఈఓ బామర్ 2013 ఆగస్టులో తప్పుకుంటానన్నారు, సెర్చ్ సంస్థని పెట్టుకున్నారు, ఫోర్డ్ నుంచి అలన్ ములాలీ పేరు పేపర్లలో నలిగింది. అంతా తిరిగొచ్చి ఇంట్లో మనిషినే ఎంచారు. అలాగని తిరగడం దండగ కాదు. బయటోళ్ళ పక్కన నిలబెట్టి చూస్తేనే కదా ఇంట్లోవాడి ఎత్తు తెలిసేది. బోర్డులో కూర్చున్నప్పుడు నేను చూసింది ఇదే, సెర్చ్ అన్నది చాలాసార్లు కొలబద్ద, గాలం కాదు. పైగా లోపలి మనిషి చవక అనుకోకండి. నాదెళ్ళకి 2025 ఆర్థిక సంవత్సరంలో వచ్చింది 96.5 మిలియన్ డాలర్లు. మీరు ఇందాక తిట్టిన నికోల్ కంటే కొంచెం ఎక్కువే. అదే ఏడాది వేలమందిని తీసేశారు కూడా.

(స్టూడియోలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఈ గంటలో పనికొచ్చిన మాట ఏదైనా ఉంటే ఇదేనని మా అభిప్రాయం, దీని మీద ఎవరూ ఆగలేదు.)

యాంకర్: ఆయన కంపెనీని ఎక్కడికి తీసుకెళ్ళారో కూడా చూడాలి కదండీ... సరే, ఒక కాలర్ ఉన్నారు, న్యూజెర్సీ నుంచి. హలో చెప్పండి.

కాలర్: హలో... అన్నా నమస్తే. సీఈఓలది పక్కన పెట్టండన్నా, 2025 సెప్టెంబర్లో హెచ్-1బీ కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్లు అన్నాడు కదా ట్రంప్, మరి రేపటి నాదెళ్ళ అసలు ఇక్కడికి ఎలా వస్తాడు?

యాంకర్: అద్భుతమైన పాయింట్! మేధోవలస ఆగిపోతే తెలుగు సీఈఓల శకం ముగిసినట్టేనా? కన్సల్టెంట్ గారూ?

సెర్చ్ కన్సల్టెంట్: వీసా వేరే టాపిక్ అండీ. నిజంగా మన ఊళ్ళో జరుగుతున్నది మాట్లాడదాం. డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్ కంపెనీ, కుటుంబం ఇప్పటికీ ఉంది, సీఈఓ మాత్రం ఎరెజ్ ఇజ్రాయెలీ, ఇజ్రాయెల్ మందుల కంపెనీ టెవాలో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. 2018లో సీఓఓగా తెచ్చారు, 2019 ఆగస్టులో సీఈఓ చేశారు. అంటే బయటోడిని తెచ్చి కొన్నాళ్ళు లోపల ఉంచి చూసి అప్పుడు ఇచ్చారు. ఇది మూడో దారి. ఎయిర్ ఇండియా చూడండి, 2022లో టర్కీ ఆయన ఇల్కర్ ఐజీ పేరు ప్రకటించాక గొడవై ఆయనే వద్దన్నాడు, తర్వాత న్యూజిలాండ్ మనిషి క్యాంప్‌బెల్ విల్సన్‌కి హోం శాఖ క్లియరెన్స్ వచ్చేదాకా...

యాంకర్: అంటే హైదరాబాద్ కంపెనీకి తెలుగువాడే దొరకలేదా?

సెర్చ్ కన్సల్టెంట్: నేను చెప్పేది అది కాదండీ బాబూ.

పారిశ్రామికవేత్త: ఆయన చెప్పేది అదే, ఒప్పుకోవట్లేదు. ఇంటర్వ్యూ చేస్తే ఫీజు, దొరికితే ఫీజు, వాడు పారిపోతే మళ్ళీ ఇంకో సెర్చ్, మళ్ళీ ఫీజు. వీళ్ళకి పెరటి చెట్టు ఎందుకు నచ్చుతుంది చెప్పండి?

సెర్చ్ కన్సల్టెంట్: కొన్నాళ్ళలోపే వెళ్ళిపోతే చాలామంది ఉచితంగానే మళ్ళీ వెతికి పెడతారు సార్, అగ్రిమెంట్‌లో...

బోర్డ్ మెంబర్ మేడం: సార్, మీకో ప్రశ్న. మీ తర్వాత మీ కంపెనీ ఎవరు చూస్తారు?

పారిశ్రామికవేత్త: మా అబ్బాయి ఉన్నాడు.

బోర్డ్ మెంబర్ మేడం: ఇక్కడే ఉంటారా?

పారిశ్రామికవేత్త: ఆస్టిన్‌లో ఉన్నాడు. వస్తాడు. అది ఫ్యామిలీ మ్యాటర్, అది వేరు.

బోర్డ్ మెంబర్ మేడం: మరి ఆ ఫిట్టర్‌గా వచ్చిన మేనేజర్ గారు? పెరటి చెట్టు ఆయనే కదా?

పారిశ్రామికవేత్త: వాడికి ఇంగ్లీష్ రాదమ్మా, బ్యాంకోళ్ళతో ఎవరు మాట్లాడతారు... పాయింట్ అది కాదు! పాయింట్ 6,666 రెట్లు! దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

బోర్డ్ మెంబర్ మేడం: నేనే మాట్లాడదామనుకున్నా. మన లిస్టెడ్ కంపెనీలు కూడా ప్రతి డైరెక్టర్ జీతం మధ్యస్థ ఉద్యోగికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో రాయాలి, సెక్షన్ 197. ఒక మేనేజింగ్ డైరెక్టర్‌కి నికర లాభంలో 5 శాతం దాటితే ప్రత్యేక తీర్మానం కావాలి. షేర్లున్నవాళ్ళు ఎంతమంది ఆ పేజీ తెరిచి చూస్తున్నారు?

యాంకర్: టైమ్ అయిపోయింది మేడం, సారీ. సో, పెద్దాయన చెప్పినట్టు కంపెనీలు ముందు ఇంట్లో మనిషిని చూసుకోవాలి, మేడం కూడా దానికే మద్దతిచ్చారు...

బోర్డ్ మెంబర్ మేడం: నేను ఇవ్వలేదు.

యాంకర్: ...కన్సల్టెంట్ గారు కొంత విభేదించారు, ఏదేమైనా తెలుగోడి సత్తా మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు.

సెర్చ్ కన్సల్టెంట్: ఎప్పుడొప్పుకున్నాం?

పారిశ్రామికవేత్త: ఇంకొక్క పాయింట్ బాబూ, ఒక్కటే, ఆ చిపోట్లే సంగతి ఇందాక సగంలో...

(వాతావరణం బులెటిన్ మ్యూజిక్ వచ్చేసింది. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి.)