జింకల క్లోవర్ మడిలో కలుపు: క్లెథోడిమ్ రెండు సీజన్లు కొట్టాక నా రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి నాకెవరూ డబ్బులివ్వలేదు, చూపించబోయే క్లెథోడిమ్ అనే గడ్డి మందు, మిగతా కలుపు మందుల సీసాలన్నీ నా జేబులోంచి కొన్నవే. నా వెనకాల కనపడుతుంది చూడండి పచ్చగా, అది మా క్లోవర్ మడి, జింకలు మేసే కాయజాతి మొక్క, అరెకరం ఉంటది, మిస్సోరీలో మాకున్న 18 ఎకరాల్లో ఇదొక్కటే చదునైన ముక్క, మిగతాదంతా ఓక్ చెట్లూ గుట్టలే.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కలు. దీన్ని ఇక్కడ ఫుడ్ ప్లాట్ అంటారు, జింకల కోసమే వేసే పైరు. వేట మీద ఇష్టం ఉన్నవాళ్ళు, లేదా ఊరికే జింకలు చుట్టుపక్కల తిరుగుతుంటే చూడాలనుకునేవాళ్ళు వేసుకుంటారు. మిస్సోరీలో మొక్కజొన్న కుప్ప పోసి దాని మీద జింకని వేటాడితే తప్పు, కానీ ఇలా నాటి పెంచిన పైరులో అయితే తప్పు లేదు. బాణాలతో జింకల్ని వేటాడే సీజన్ సెప్టెంబర్ 15న మొదలవుద్ది, అప్పటికి మడి మంచిగా ఉండాలి, అదీ లెక్క. మా నాన్న పోయినేడు సమ్మర్‌లో పల్నాడు నుంచి వచ్చి ఇది చూసి, అక్కడ అడవి పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కట్టి చస్తున్నాం, నువ్విక్కడ అడవి జంతువుల్ని పిలిచి విస్తరేస్తున్నావేంట్రా అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

సరే విషయానికొద్దాం. ఇది తెల్ల క్లోవర్, లాడినో రకం. ఫిబ్రవరిలో నేల రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతా ఉన్నప్పుడు పైన చల్లేశా, ఆ పగుళ్ళలోకి విత్తనం దానంతటదే దిగుద్ది, దున్నక్కర్లేదు. అరెకరానికి నాలుగు పౌండ్లు. విత్తనం ఆవగింజ కంటే చిన్నది, పావు అంగుళం కన్నా లోతుకి పోతే మొలవదు. మొదటి ఏడు బాగానే ఉంది, రెండో ఏడు ఇంకా బాగుంది, మూడో ఏడు మే నెలాఖరుకి చూస్తే నాకు క్లోవర్ కనపడలా, మోకాలెత్తు గడ్డి కనపడింది.

ఎందుకొచ్చిందీ గడ్డి? నేను విత్తనాల కంపెనీ వాడు గడ్డి గింజలు కలిపి అమ్మాడనుకున్నా, బాగా తిట్టుకున్నా కూడా. అదేం కాదండి. క్లోవర్ మన పెసర, మినుము లాంటిదే, వేరు బుడిపెల్లో బ్యాక్టీరియాని పెట్టుకుని గాలిలో నత్రజనిని నేలలోకి తెస్తది. రెండు మూడేళ్ళు తెచ్చి తెచ్చి పోగేసినాక, ఆ నత్రజని ఎవరికి కావాలి? క్లోవర్‌కి అక్కర్లేదు, దాని తిండి అదే చేసుకుంటది. గడ్డికి కావాలి. అంటే క్లోవరే ఎరువేసి మరీ గడ్డిని పెంచుద్ది. అందుకే క్లోవర్ మడిలో యూరియా వెయ్యొద్దు, నత్రజని ఉన్న ఎరువేదీ వెయ్యొద్దు, వేస్తే కలుపుకి వేసినట్టే. మట్టి టెస్ట్ చేయించుకుని పీహెచ్ ఆరున్నర దగ్గర ఉండేట్టు సున్నం, కావాలంటే ఫాస్ఫరస్, పొటాష్, అంతే.

ఇప్పుడు ఈ సీసా. క్లెథోడిమ్, గాలన్‌కి రెండు పౌండ్ల మందు ఉండే రకం. ఇది గడ్డిని మాత్రమే చంపుద్ది. మన దగ్గర పత్తిలో, వేరుశనగలో గడ్డికి కొట్టే క్విజాలోఫాప్ ఉంటది కదా, టర్గా సూపర్ అంటే అందరికీ తెలుసు, దానిదీ దీనిదీ ఒకటే పనితీరు. గడ్డిజాతి మొక్కల్లో కొవ్వు పదార్థాలు తయారుచేసే ఎంజైమ్‌ని పట్టుకుని ఆపేస్తది, వెడల్పాకు మొక్కల్లో ఆ ఎంజైమ్ వేరే తీరుగా ఉంటది కాబట్టి వాటికేం కాదు. క్లోవర్ మీద నేరుగా పడ్డా పర్లేదు.

ఒక మాట, షాపులో సీసా మీద పెద్ద కొమ్ముల జింక బొమ్మ ఉందనుకోండి, రేటు పెరుగుద్ది. వెనక్కి తిప్పి చిన్నక్షరాల్లో అసలు మందు పేరు, శాతం చదవండి. రైతులు కొనే మామూలు సీసాలో ఉన్నదే ఇందులోనూ ఉంటే బొమ్మకెందుకు డబ్బులు. కానీ మీరు కొనే సీసా లేబుల్ మీద క్లోవర్ గానీ ఫుడ్ ప్లాట్ గానీ రాసుందో లేదో మాత్రం తప్పకుండా చూడండి, లేబుల్‌లో లేని చోట కొట్టడం ఇక్కడ చట్టవిరుద్ధం. గాలన్ మాత్రం కొనకండి. నేను ఎకరానికి 12 ఔన్సుల లెక్కన కొడతా, అరెకరానికి ఆరు, గాలన్‌లో 128 ఔన్సులుంటాయి, ఏడాదికి రెండుసార్లు కొట్టినా పదేళ్ళొస్తది, అన్నాళ్ళు షెడ్డులో పెట్టుకుని ఏం చేస్తాం. క్వార్ట్ సీసా, అంటే పావు గాలన్, చాలు, పక్కోడితో కలిసి కొనుక్కుంటే ఇంకా మంచిది.

మొదటిసారి నేను చేసిన వెధవ పని చెప్తా. మందు కలిపా, నీళ్ళు కలిపా, కొట్టా. వారమైంది గడ్డి నవ్వుతా ఉంది. రెండు వారాలైంది, చివర్లు కొంచెం పసుపెక్కి మళ్ళీ పచ్చబడింది. మందు డూప్లికేటేమో అనుకున్నా. తీరా చూస్తే క్రాప్ ఆయిల్, అంటే మందుతో పాటు కలిపే నూనె, కలపలేదు. గడ్డి ఆకు మీద మైనం పొర ఉంటది, ఈ నూనె లేకపోతే మందు లోపలికి పోదు, పైనుంచి జారిపోద్ది. మన దగ్గర మందులో జిగురు కలుపుతారే, ఆ పని అన్నమాట, కాకపోతే ఇది నూనె. నూటికి ఒక వంతు. నా భుజం స్ప్రేయర్ నాలుగు గాలన్లు పట్టుద్ది, దానికి ఐదు ఔన్సులు, అంటే 150 ఎం.ఎల్. అరెకరానికి నాకు రెండు ట్యాంకులకి కాస్త తక్కువే అవుద్ది, అది కూడా ముందు ఉత్త నీళ్ళు పోసుకుని నడిచి చూసుకున్నా. మీ నడక మీది, మీ నాజిల్ మీది, నా లెక్క మీకు సరిపోదు, ఒకసారి నీళ్ళతో నడవండి, సిగ్గుపడకండి.

రెండోసారి నూనె వేసి కొట్టా. గంటలోపు వాన పడకపోతే చాలు. ఇక్కడో సంగతి, ఇది రౌండప్ లాగా కనపడదు, నిదానం, పది రోజులు ఏం జరగనట్టే ఉంటది. పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తదంటే, వారం తర్వాత గడ్డి మధ్యలో కొత్తాకు పట్టుకుని పైకి లాగండి, సులువుగా ఊడొచ్చి అడుగున గోధుమరంగులో కుళ్ళినట్టు ఉంటే అయిపోయినట్టే, పైన పచ్చగా ఉన్నా సరే. ఇదిగో, ఇది పోయిన జూన్‌లో తీసిన వీడియో, చూశారా ఎట్లా ఊడొచ్చిందో. ఫాక్స్‌టెయిల్, క్రాబ్‌గ్రాస్ రెండూ నాలుగు నుంచి ఆరు అంగుళాలున్నప్పుడు కొట్టా, శుభ్రంగా పోయాయి. ఎండలకి వాడిపోయి ఉన్న గడ్డి మీద కొట్టి లాభం లేదు, అది మందు తాగే పరిస్థితిలో ఉండదు. ఫెస్క్యూ మాత్రం మొండిది, మిస్సోరీలో ఏ పాత పచ్చిక చూసినా అదే, ఒక్క దెబ్బకి చావలేదు, జూన్‌లో ఒకసారి సెప్టెంబర్‌లో ఒకసారి కొడితే బాగా తగ్గింది, ఇంకా అక్కడక్కడా ఉంది.

కాబట్టి గడ్డికి ఈ మందు, నావరకు పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు తీశానంటే, రండి ఈ మూలకి.

ఈ మూల కొంచెం తేమగా ఉంటది. రెండుసార్లు కొట్టా, నూనె వేసే కొట్టా, ఇక్కడ మాత్రం వెంట్రుక కదల్లేదు. డోసు పెంచాలేమో అని ఆలోచిస్తుంటే నాన్న వచ్చి, వంగి ఒక కాడ పీకి, వేళ్ళ మధ్య పెట్టి తిప్పి, ఇది గడ్డెక్కడిదిరా తుంగ అన్నాడు. నేను అట్లా చూస్తా ఉండిపోయా. కాడ మూడు పలకలుగా ఉంది. చిన్నప్పుడు నేను కూడా పీకిన తుంగే, ఇక్కడ పసుపు తుంగ రకం, నట్‌సెడ్జ్ అంటారు. చూడ్డానికి గడ్డి లాగే ఉంటది గానీ గడ్డి కాదు, కాబట్టి క్లెథోడిమ్‌కి దీనికి సంబంధమే లేదు. మీరు కూడా కొట్టే ముందు కాడ తిప్పి చూడండి, గుండ్రంగా దొర్లుతుందా, పలకలు తగులుతున్నాయా. సీసా కొనే ముందు చెయ్యాల్సిన పని నేను రెండు స్ప్రేల తర్వాత చేశా.

ఇక వెడల్పాకు కలుపు. దీనికి జనం వాడేవి రెండు. ఒకటి 2,4-డీబీ. చివర బీ ఉంది, జాగ్రత్త, బీ లేని 2,4-డీ క్లోవర్‌ని దెబ్బతీస్తది. దీని కథ భలే ఉంటది, డీబీ అనేది దానంతటదే పెద్ద విషం కాదు, కలుపు మొక్క దాన్ని తనలోపలే 2,4-డీ కింద మార్చుకుని చస్తది, క్లోవర్ లాంటి కాయజాతి మొక్కలు ఆ మార్పిడి చాలా నెమ్మదిగా చేస్తాయి కాబట్టి బతికిపోతాయి. కానీ కలుపు చిన్నగా ఉండాలి, రెండు మూడంగుళాలు దాటితే డబ్బులు దండగ. నేను వసంతంలో ఒకసారి వాడా, లేత మొక్కల మీద ఫర్వాలేదు, ముదిరిన కర్లీ డాక్ అనే వెడల్పాకు కలుపు మీద ఏమీ చెయ్యలేదు. ఆ డాక్‌ని పార తీసుకుని తవ్విపారేశా, పన్నెండు మొక్కలకి స్ప్రేయర్ ఎందుకు.

రెండోది ఇమాజెథాపిర్. ఇది మీలో చాలామంది ఇళ్ళల్లో తెలిసిన మందే, వేరుశనగలో, ఆదిలాబాద్ వైపు సోయాలో కొడతారు, పర్స్యూట్ అంటారు. ఇక్కడ ఎకరానికి నాలుగు ఔన్సుల దగ్గర. వెడల్పాకూ పోద్ది, చిన్న గడ్డీ కొంత పోద్ది, తుంగని కూడా కొంచెం అణుస్తది. విన్నాక నాకు కూడా ఇదే కొట్టేస్తే గొడవొదిలిపోద్ది కదా అనిపించింది. కానీ ఇది నేలలో ఉండిపోయే మందు. లేబుల్‌లో తర్వాత ఏ పంట ఎన్నాళ్ళకి వెయ్యాలో పట్టిక ఉంటది, ఎవరూ చదవరు. గోధుమకి నాలుగు నెలలు, ఓట్స్‌కి 18 నెలలు, ఆవ జాతి, కనోలా లాంటి వాటికి 40 నెలలు. నలభై! మరి జింకల వాళ్ళు క్లోవర్ పాతబడ్డాక ఏమేస్తారు? టర్నిప్, ముల్లంగి, రెండూ ఆవ జాతివే. ఎందుకంటే ఇందాక చెప్పానే, నేలలో పోగైన నత్రజని, దాన్ని బాగా తినేవి అవే. క్లోవర్ ముసలిదైనాక ఆ ముక్కలో టర్నిప్ వెయ్యడమే మంచి పద్ధతి, ఈ మందు కొడితే మూడేళ్ళ పైన ఆ దారి మూసుకుపోద్ది. సీసా మంచిదే, నా మడికి మంచిది కాదు. మీరు ఇంకో నాలుగేళ్ళు క్లోవరే ఉంచుతా అనుకుంటే మీ ఇష్టం.

డైకాంబా, ట్రైక్లోపిర్, క్లోపిరాలిడ్ అనే వెడల్పాకు మందులున్నాయి, ఇవైతే క్లోవర్ చుట్టుపక్కలకి కూడా తేవొద్దు, మొదట చచ్చేది క్లోవరే.

మరి ఏం చేశావు అంటారా, కోశా. ట్రాక్టర్ వెనక మోవర్ పెట్టి ఏడెనిమిది అంగుళాల ఎత్తులో, కలుపు పూతకొచ్చి గింజ కట్టకముందు. పిగ్‌వీడ్, మేర్స్‌టెయిల్ లాంటి ఒక్క ఏడాదే బతికే కలుపు మొక్కలకి ఇది చాలు. కెనడా తిస్టిల్ లాంటి వేరు నుంచి మళ్ళీ మొలిచే వాటికి చాలదు. నడి ఎండల్లో, వాన లేనప్పుడు కొయ్యొద్దు, క్లోవరే ఎండిపోద్ది. మే నెలాఖరు, జూన్‌లో అయితే ముందు మడంతా నడిచి చూడండి, జింక పిల్లలు కదలకుండా పడుకుని ఉంటాయి, ట్రాక్టర్ వచ్చినా లేవవు. నాకు ఒకటి చక్రానికి ఆరడుగుల దూరంలో కనపడింది, ఆ రోజు ఇంక బండి తియ్యలేదు.

ఇంకోటి, అన్నీ కలుపు కాదు. ఇది రాగ్‌వీడ్, మన వయ్యారిభామకి దగ్గర చుట్టం, మనుషులకి తుమ్ములు తెప్పించుద్ది, కానీ చూడండి కొసలన్నీ ఎట్లా కొరికి ఉన్నాయో, జింకలు ఇష్టంగా తింటాయి. తోటకూర జాతిది కూడా లేతగా ఉంటే కొరుకుతాయి. ఇది చక్రవర్తి కూర, అమ్మ చూసి కోసుకుంటానంది, మందు కొట్టిన మడిలోది వద్దన్నా. నేను మడి అద్దంలా ఉండాలని మొదట్లో తెగ తాపత్రయపడ్డా, జింకకి ఆ పట్టింపు లేదు, దానికి కావాల్సింది తినేది ఉందా లేదా. క్లోవర్‌ని కప్పేసి ఎండ తగలనివ్వకుండా చేస్తుంటే అది కలుపు, లేకపోతే వదిలెయ్యండి.

కొట్టేటప్పుడు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, కళ్ళజోడు ఖచ్చితంగా, ఈ మందు కంట్లో పడితే బాగా మండుద్ది. క్లోవర్ పూతలో ఉంటే సాయంత్రం తేనెటీగలు వెళ్ళాక కొట్టుకోండి.

తుంగ సంగతి అడుగుతారు, అది అక్కడే ఉంది. వచ్చే ఏడు ఆ మూలలోనే టర్నిప్ వేద్దామనుకుంటున్నా కాబట్టి ఇమాజెథాపిర్ కొట్టట్లేదు, నాన్న ఉన్నన్నాళ్ళు రోజూ పొద్దున కాఫీ తాగి ఓ గంట పీకేవాడు, ఆయన వెళ్ళిన మూడు వారాలకి మళ్ళీ మొలిచింది, కింద గడ్డలుంటాయి కదా. నిన్న మడి దగ్గర పెట్టిన కెమెరా కార్డు తీసి చూస్తే రెండు ఆడ జింకలు సరిగ్గా ఆ తుంగ పక్కనే నిలబడి క్లోవర్ మేస్తున్నాయి.