కొండ ఊళ్ల నేర నవలలు: ఏది ముందు చదవాలి?

సమన్వయకర్త: నమస్కారం. కొండ ప్రాంతపు పల్లెల్లో జరిగే నేర నవలల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మేడమ్, ఇంతవరకు ఒక్కటి కూడా చదవని పాఠకుడి చేతికి మీరు ఏ పుస్తకం ఇస్తారు?

విమర్శకురాలు: డేనియల్ వుడ్రెల్ రాసిన ‘వింటర్స్ బోన్’. 2006లో వచ్చింది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, ఓజార్క్ కొండలు. పదహారేళ్ల రీ డాలీకి మతి చెదిరిన తల్లి, ఇద్దరు చిన్న తమ్ముళ్లు. తండ్రి మత్తుమందు తయారుచేస్తూ పట్టుబడ్డాడు. ఇంటినీ, చెట్లున్న భూమినీ పూచీకత్తుగా పెట్టి బెయిలు మీద బయటికొచ్చి మాయమయ్యాడు. వాయిదాకు రాకపోతే ఇల్లు పోతుంది. ఆ పిల్ల చలిలో గడప గడపకూ తిరిగి తండ్రి ఆచూకీ అడుగుతుంది. తలుపు తీసేవాళ్లలో చాలామంది చుట్టాలే. నోరు మాత్రం విప్పరు.

కథా రచయిత: మొదట్లోనే ఒక దృశ్యం ఉంటుంది. వాగు అవతల చెట్లకు వేటమాంసం వేలాడుతోంది, ఇవతల పిల్లలు ఆకలితో ఉన్నారు. వెళ్లి అడుగుదామంటాడు తమ్ముడు. వాళ్లంతట వాళ్లు ఇవ్వవలసినదాన్ని మనం అడగకూడదంటుంది రీ. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

సమన్వయకర్త: 2010లో వచ్చిన సినిమా చూసినవాళ్లు కూడా చదవాలంటారా?

విమర్శకురాలు: తప్పకుండా. డెబ్రా గ్రానిక్ సినిమా నాకు చాలా ఇష్టం. కానీ వుడ్రెల్ వాక్యం పుస్తకంలోనే దొరుకుతుంది. ఆ యాస మొదట అడ్డుపడుతుంది. కొన్ని పేజీలు పైకి చదవండి, చెవికి అలవాటవుతుంది.

కథా రచయిత: నేనైతే రాన్ రాష్‌తో మొదలుపెట్టమంటాను. 2002లో వచ్చిన ‘వన్ ఫుట్ ఇన్ ఈడెన్’. దక్షిణ కరోలినాలోని జోకాసీ లోయ, 1950ల కాలం. ఒక యువకుడు కనిపించకుండా పోయాడు. హత్యేనని షెరీఫ్‌కు, అంటే అక్కడి పోలీసు అధికారికి, తెలుసు. శవం మాత్రం దొరకదు. షెరీఫ్, ఒక భార్య, ఆమె భర్త, వాళ్ల కొడుకు, చివరికి షెరీఫ్ సహాయకుడు... ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు కథ చెబుతారు. ఈ లోగా విద్యుత్ సంస్థ కట్టే ఆనకట్ట కింద లోయ మునగబోతోంది. నిజంగానే 1970లలో ఆ లోయ జోకాసీ సరస్సు అడుగుకు చేరింది. శ్రీశైలం ముంపు ఊళ్ల వాళ్ల మాటలు విన్నవారికి ఈ నవల పరాయిదనిపించదు.

సమన్వయకర్త: కార్మాక్ మెకార్తీ ‘చైల్డ్ ఆఫ్ గాడ్’ సంగతి?

కథా రచయిత: 1973 నాటి నవల, టెనెసీ కొండలు. గొప్ప రచనే, కాదనను. కొత్త పాఠకుడికి మాత్రం ఇవ్వను. అందులోని ప్రధాన పాత్ర లెస్టర్ బల్లార్డ్ చేసే పనులు తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కొండ మనుషులంటే క్రూరులన్న అపోహ బలపడుతుందేమోనని నా భయం.

విమర్శకురాలు: ఆ భయం నాకూ ఉండేది. మళ్లీ చదివినప్పుడు పోయింది. మొదటి దృశ్యం ఏమిటి? లెస్టర్ భూమిని వేలం వేస్తున్నారు. ఊరు ఊరంతా తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చింది, పాటలు కూడా ఉన్నాయి. రీ ఇల్లు పూచీకత్తులో చిక్కింది, జోకాసీ నీళ్లపాలైంది, ఇక్కడ వేలం. ఈ మూడింటిలోనూ కాళ్ల కింద నేల కదులుతోంది. నేరం ఒక్కటే చూస్తే సగం కథే చదివినట్టు.

కథా రచయిత: నేల పోగొట్టుకున్నవాళ్లు లక్షల మంది ఉన్నారు మేడమ్. వాళ్లెవరూ శవాలను గుహల్లో దాచలేదు.

విమర్శకురాలు: అది సాకు అనడం లేదు. లెస్టర్ చేసినదానికి క్షమాపణ లేదు. కానీ వేలానికి వచ్చిన ఊరిని మెకార్తీ మనకు ముందుగా ఎందుకు చూపించాడు? అతన్ని దేవుని బిడ్డ అని, బహుశా మీలాంటివాడే అని ఎందుకన్నాడు? ఆ ప్రశ్న వదిలేసి లెస్టర్‌ను రాక్షసుడనేసుకుంటే మనకు సుఖంగా ఉంటుంది. నాకు ఆ సుఖం వద్దు.

కథా రచయిత: ఆ వేలం ఘట్టం మళ్లీ చదవాలి. నేను దాన్ని తొందరగా దాటేశాను.

సమన్వయకర్త: అయితే వరుస చెప్పండి.

కథా రచయిత: మేడమ్ మాటే కానివ్వండి. ముందు ‘వింటర్స్ బోన్’, తర్వాత ‘వన్ ఫుట్ ఇన్ ఈడెన్’. మెకార్తీ మూడోది. అదీ పగటిపూట.