లీపు సంవత్సరంలో గెంతేదెవరు?

తమ్ముడు: అక్కా, రికార్డింగ్ ఆన్‌లోనే ఉంది. నా డౌటు అడిగేస్తున్నా. లీప్ అంటే గెంతడం. ఫిబ్రవరికి ఓ రోజు కలిపితే అందులో గెంతుడేముంది? గెంతాలంటే ఒక రోజు ఎగ్గొట్టాలి గానీ!

అక్క: ఎగ్గొడుతుందిరా. ఆగస్టు 15 తీసుకో. 2022లో సోమవారం, 2023లో మంగళవారం. మరి 2024లో?

తమ్ముడు: బుధ... కాదు కాదు, గురువారం! శుక్రవారం లీవు పెట్టి ఊరెళ్ళా కదా.

అక్క: మరి బుధవారం ఏమైంది? దాని మీంచి దూకేసింది. 365 రోజులంటే 52 వారాలు పోగా ఒక రోజు మిగులు. అందుకే ఏ తేదీ అయినా ఏటా ఒక్కో రోజు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 తగిలితే రెండు.

తమ్ముడు: ఓహో! ఇది బళ్ళో ఎవరూ చెప్పలేదే. నాలుగుతో భాగించమన్నారు, అంతే. సరే, లీప్ అంటే మొదట్నుంచీ గెంతడమేనా?

అక్క: గెంతడం, పరిగెత్తడం రెండూ. పాత ఇంగ్లిష్‌లో ముందు ఓ ‘హ’ ఉండేది, హ్లేయపన్ అనేవాళ్ళు. దీని దాయాది జర్మన్‌లో లౌఫెన్, అంటే పరుగు. డచ్ వాళ్ళ లోపెన్ అయితే మరీ నెమ్మది, ఉత్త నడకే.

తమ్ముడు: డచ్ వాళ్ళకి మోకాళ్ళ నొప్పులేమో!

అక్క: నోర్ముయ్. ఆ ‘హ’ ఐస్‌లాండ్‌లో ఇంకా బతికే ఉంది. హిమానీనదం కింద చేరిన నీళ్ళు ఒక్కసారిగా తెంచుకుని వస్తే ఆ వరదని యోకుల్‌హ్లౌప్ అంటారు. యోకుల్ అంటే హిమానీనదం, హ్లౌప్ అంటే పరుగు. 1996లో వత్నయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరంతా ఓ సరస్సులో చేరి, నవంబర్లో బయటపడింది. పెద్ద పెద్ద మంచుగడ్డలు కొట్టుకొచ్చి హైవే వంతెనల్ని విరగ్గొట్టాయి. మెలితిరిగిన ఇనుప దూలాలు ఇప్పటికీ ఆ రోడ్డు పక్కనే పెట్టి ఉంటాయి.

తమ్ముడు: అబ్బో, అది గెంతడం కాదు, దండయాత్ర.

అక్క: గెంతడమే కావాలంటే ఐర్లాండ్‌లో డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్ ఉంది, ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు పెట్టిన పేరు అది, సాల్మన్ చేప గెంతేచోటు అని. మన పులస గోదావరికి ఎదురీదినట్టే ఆ చేప గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి నదిలోకి వస్తుంది. అక్కడ జలపాతం అడ్డొస్తే ఎగిరి దాటేది. తర్వాత డ్యామ్ కట్టాక ఆ జలపాతం మునిగిపోయింది, పేరు మిగిలింది.

తమ్ముడు: మరి లీప్ సెకను? దాంట్లో ఎవరు గెంతుతారు?

అక్క: ఎవరూ గెంతరు. భూమి తిరుగుడుతో కలవడానికి గడియారమే ఓ సెకను ఆగుతుంది. లీపు సంవత్సరాన్ని చూసి పెట్టిన పేరు, నాకైతే అస్సలు అతకలేదు. 1972 నుంచి 27 సార్లు కలిపారు. కంప్యూటర్లకి అదో తలనొప్పి, అందుకే 2035 కల్లా మానేద్దామని 2022లో తీర్మానించారు. చివరిది 2016 డిసెంబర్ 31న. మన టైములో జనవరి 1 పొద్దున 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత సున్నా బదులు 60వ సెకను వచ్చింది.

తమ్ముడు: అరవయ్యోదా! న్యూ ఇయర్ పార్టీ అయ్యి అప్పుడే పడుకునుంటా.