నాలుగు లైన్లే కదా అన్నాను

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. పరిచయంలో నా గురించి చెప్పినదాంట్లో సగం తగ్గించుకోండి, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

జావా ప్రోగ్రామ్‌ను విడివిడి భాగాలుగా కట్టే రెండు పద్ధతులను, ఓఎస్‌జీఐనీ, జావా 9 మాడ్యూళ్లనూ పోల్చి చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మేం కొందరం కలిసి ఒక ఓపెన్ సోర్స్ జావా క్లయింట్ లైబ్రరీ నడుపుతున్నాం. సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి జవాబు తేవడమే దాని పని. ఒకాయన రాశారు: "మీ జార్ మా ఓఎస్‌జీఐ కంటైనర్‌లో పనిచేయడం లేదు, బండిల్‌గా ఇస్తారా?" జార్ అంటే జావా కోడ్ మూట. తనకేం కావాలో, బయటికేం ఇస్తుందో మానిఫెస్ట్ అనే ఫైల్‌లో రాసిపెట్టుకున్న జారే బండిల్. మానిఫెస్ట్‌లో నాలుగు లైన్లే కదా అన్నాను. పేరు, వెర్షన్, బయటికిచ్చే ప్యాకేజీలకు ఎక్స్‌పోర్ట్-ప్యాకేజ్, తెచ్చుకునే వాటికి ఇంపోర్ట్-ప్యాకేజ్. ఇంపోర్టులైతే బీఎన్‌డీ టూల్ బైట్‌కోడ్ చూసి తనే రాసేస్తుంది. సాయంత్రానికి అయిపోయింది. టెస్టులన్నీ పాస్. రిలీజ్ నోట్స్‌లో గొప్పగా రాసుకున్నాను కూడా.

ఆ టెస్టులు నడిచింది మామూలు క్లాస్‌పాత్ మీద, అంటే ఓఎస్‌జీఐ లేకుండా, జార్లన్నీ ఒకేచోట! గట్టు మీద కూర్చుని ఈత వచ్చేసిందనుకున్నాం.

ఆయన మళ్లీ రాశారు. బండిల్ స్టార్ట్ అవుతోంది, మొదటి కాల్‌కే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్. ఏం జరిగిందంటే, డేటాను పంపే రూపంలోకి మార్చే సీరియలైజర్ క్లాస్ పేరును యూజర్ సెట్టింగ్స్‌లో స్ట్రింగ్‌గా ఇస్తారు, మేం క్లాస్.ఫర్‌నేమ్‌తో లోడ్ చేస్తాం. క్లాస్‌పాత్ మీద అంతా ఉమ్మడి కాపురం, ఎవరు పిలిచినా పలుకుతారు. ఓఎస్‌జీఐలో ప్రతి బండిల్‌కీ క్లాసులను వెతికి తెచ్చే సొంత క్లాస్ లోడర్. మా లోడర్‌కి యూజర్ బండిల్ కనబడదు. స్ట్రింగ్‌లో దాక్కున్న పేరు బీఎన్‌డీకీ కనబడదు. నడుస్తున్న థ్రెడ్‌కి తగిలించి ఉండే లోడర్‌తో, అదే థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్ లోడర్‌తో ప్రయత్నించాం. పని నడిచేదేమో మా సొంత థ్రెడ్ పూల్‌లో, అక్కడ ఆ లోడర్ ఎవరిదో మాకే తెలియదు. చివరికి పేరు అడగడం మానేసి, ఆబ్జెక్టే తయారుచేసి ఇమ్మన్నాం. మొదటి రోజే చేయాల్సిన పని!

మీలో ఎంతమంది లైబ్రరీలో సొంత వాడకానికే ఉంచుకున్న 'ఇంటర్నల్' అనే ప్యాకేజీ ఉంది? చేతులెత్తండి. ఎంతమంది దాన్ని ఎక్స్‌పోర్ట్ చేశారు? ఇప్పుడు దించేస్తున్నారు, చూశాను! నేనూ చేశాను. ఎక్స్‌పోర్ట్ లైన్‌లో నక్షత్రం గుర్తు పెట్టి చేతులు దులుపుకున్నాను. ఎవరో ఆ ప్యాకేజీని వాడుకున్నారు. మా 1.3 వెర్షన్‌లో అందులోంచి ఒక మెథడ్ తీసేశాం. వాళ్ల ఇంపోర్ట్ రేంజ్ 1.2 నుంచి 2 లోపు, కాబట్టి రిజాల్వ్ అవడానికి, అంటే ఓఎస్‌జీఐ రెండు బండిళ్లనూ జతపరచడానికి, అడ్డేం లేదు. కాల్ దగ్గర కూలింది. తిట్లు నాకే వచ్చాయి, న్యాయంగానే.

ఓఎస్‌జీఐ ప్రమాణాన్ని రూపొందించిన ఓఎస్‌జీఐ అలయన్స్ 1999 నాటిది. జావా కోడ్ రాసుకునే ఎక్లిప్స్ 2004లోనే 3.0తో ఓఎస్‌జీఐ మీదకు మారింది. అంటే కొత్త సరుకు కాబట్టి తెలియలేదని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

2017లో వచ్చిన జావా 9 మాడ్యూళ్ల గురించి ఒక్క ముక్క. మా రెండు జార్లలో ఒకే పేరున్న ప్యాకేజీ ఉంది. ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూళ్లలో ఉంటే జావా ఒప్పుకోదు, కాబట్టి రెంటినీ మాడ్యూల్ పాత్ మీద, అంటే జావా మాడ్యూళ్లను వెతికే చోట, కలిపి పెడితే ప్రోగ్రామ్ మొదలే కాదు. ఆ ప్యాకేజీ పేరు మార్చడానికి మేజర్ వెర్షన్ కోసం ఆగాం.

టైం అయిందని సైగ చేస్తున్నారు. పోలిక మిగిలిపోయింది, క్షమించండి. ఆయన సంగతి మాత్రం చెప్పి దిగుతాను. ఆఖరున ఒక ప్యాచ్ పంపారు. లైబ్రరీ కోడ్‌లో ఒక్క మార్పూ లేదు. ఓఎస్‌జీఐ కంటైనర్లయిన ఫెలిక్స్ మీదా, ఈక్వినాక్స్ మీదా మా బండిల్‌ను ఇన్‌స్టాల్ చేసి, ఒకే ఒక్క రిక్వెస్ట్ పంపే టెస్ట్. ఇప్పుడు ప్రతి బిల్డ్‌లో ముందుగా నడిచేది అదే.