గడ్డం కింద మాస్కు

శ్రోతలకు నమస్కారం.

2020 వేసవిలో, కరోనా రోజుల్లో, మా వీధి చివర కూరగాయల బండి దగ్గర రోజూ ఒకటే వరస. బేరమాడేటప్పుడు అందరి మాస్కులూ గడ్డం కిందే ఉండేవి. పోలీసు జీపు చప్పుడు వినపడగానే ముక్కు మీదికి ఎక్కేవి. జీపు మలుపు తిరిగిందో లేదో, మళ్లీ కిందికి. అప్పట్లో తెలంగాణలో మాస్కు లేకుండా బయటికొస్తే 1000 రూపాయల జరిమానా. ఆ జరిమానా భయమే గానీ, పక్కన నిలబడ్డ ముసలాయనకు మన ఊపిరి తగులుతుందేమోనన్న ఆలోచన అక్కడ కనిపించేది కాదు. చూస్తే బాధేసేది.

జనాన్ని తప్పుపట్టడం తేలికే. కానీ వాళ్లు మొదట్లో ఏం విన్నారో గుర్తుచేసుకోవాలి. ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని, జబ్బుపడ్డవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు పెట్టుకుంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. డాక్టర్లకు, నర్సులకే మాస్కులు దొరకని రోజులవి. ఏప్రిల్ మొదట్లో మన కేంద్ర ఆరోగ్యశాఖ ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కయినా సరే కట్టుకోమంది. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన సలహా మార్చుకుంది. దూరం పాటించడం కుదరని చోట మూడు పొరల గుడ్డ మాస్కు వాడమంది. మార్చుకోవడం తప్పేం కాదు. దగ్గూ జ్వరమూ ఏమీ లేనివాళ్ల నుంచి కూడా జబ్బు అంటుతుందని ఈలోగా బోధపడింది. ఆ సంగతి ఇంటింటికీ అర్థమయ్యేలా చెప్పకపోవడమే మనవైపు లోపం. "నిన్న వద్దన్నారు, ఇవాళ పెట్టుకోమంటున్నారు, రేపేమంటారో బాబూ" అన్నారు మా పక్కింటి పెద్దాయన. మొండితనంతో అన్న మాట కాదది, అనుమానంతో అన్నది.

ఈ తగువు వందేళ్ల కిందటే ఉంది. ఫ్లూ మహమ్మారి రోజుల్లో, 1918 నవంబరు 21 మధ్యాహ్నం, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు నిబంధన ఎత్తేసినట్టు సైరన్లు మోగగానే జనం సంబరంగా మాస్కులు పీకేశారు. జబ్బు మళ్లీ పెరిగి, జనవరిలో మళ్లీ పెట్టుకోమనేసరికి మాస్కుల వ్యతిరేక సంఘమే పుట్టుకొచ్చింది.

మరి జనం ఇష్టంగా ఎప్పుడు పెట్టుకుంటారు? తెనాలి దగ్గర ఊళ్లో ఉండే మా చిన్నమ్మ డ్వాక్రా సభ్యురాలు. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని ప్రభుత్వం తలపెట్టి, కుట్టే పని ఈ సంఘాలకు ఇచ్చింది. చిన్నమ్మ మిషను ముందు కూర్చుని గుడ్డ మడతలు పెట్టి కుట్టేది. ఇంటి వాళ్లకు కుట్టేటప్పుడు లాక్‌డౌన్‌లో ఎలాస్టిక్ దొరక్క, పాత లంగాల నాడాలు కత్తిరించి అంచులకు వేసింది. చుట్టుపక్కల వాళ్లకు తనే తీసుకెళ్లి ఇచ్చేది. "నేను కుట్టానమ్మా, కట్టుకో అంటే ఒక్కరూ కాదనలేదురా" అని ఫోన్లో చెప్పింది.

ఆ మాట బంగ్లాదేశ్ అధ్యయనం గురించి చదివాక నాకు మరింత బాగా అర్థమైంది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా అక్కడ 600 గ్రామాల్లో, మూడు లక్షలకు పైగా పెద్దవాళ్ల మీద ఆ పరిశీలన జరిగింది. కొన్ని ఊళ్లలో ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చి, ఎందుకో వివరించారు. మసీదుల్లో ఇమాములు చెప్పారు. ఊరి పెద్దలు ముందు తాము పెట్టుకున్నారు. సంతలో ఉత్త మొహంతో తిరిగేవాళ్లను ఆపి, గద్దించకుండా అడిగి, లేదంటే అక్కడికక్కడే చేతిలో ఒకటి పెట్టారు. మిగతా ఊళ్లలో నూటికి 13 మంది సరిగ్గా పెట్టుకుంటుంటే ఈ ఊళ్లలో 42 మంది పెట్టుకున్నారు. ఫోన్లకు మెసేజీలు పంపినా, ఊరికి బహుమతులు ప్రకటించినా అదనంగా ఒరిగిందేం లేదు. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో, లక్షణాలు బయటపడి రక్తపరీక్షలో తేలిన కేసులు అరవై దాటినవాళ్లలో 35 శాతం తగ్గాయి. గుడ్డ మాస్కులకు అంత స్పష్టమైన ఫలితం కనిపించలేదు. ఆ మాటా దాచకుండా చెప్పాలి. అమ్మమ్మలు, తాతయ్యలు కలిసి ఉండే మన ఇళ్లకు ఆ 35 శాతం ఎంత విలువైందో వేరే చెప్పాలా?

అందరికీ ఒకటే మాట చెప్పినా కుదరదు. మే ఎండలో సిమెంటు బస్తా మోసే కూలీ మాస్కు కిందికి లాగితే కసురుకోవడానికి నాకు నోరు రాదు. పెదాల కదలికను బట్టి మాట పోల్చుకునే బధిరులకు ఎదుటివాళ్ల మాస్కే అడ్డుగోడ అయింది. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి చిన్నమ్మ పడిశంతో ఉంది. నెలల మనవణ్ణి ఎత్తుకోబోతూ ఆగి, మిషను సొరుగులోంచి వెలిసిపోయిన నాడాల మాస్కు ఒకటి తీసి కట్టుకుంది. ఇంట్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు. వాడు ఆ నాడా కొస పట్టుకుని లాగుతూ ఉంటే, ఒక చేత్తో మాస్కు సర్దుకుంటూ, ఇంకో చేత్తో వాణ్ణి జోకొడుతూ కూర్చుంది.