నీళ్ల కింద పీట్ నేల

శ్రోతలకు నమస్కారం. భూమి మీద కార్బన్ ఎక్కడ నిల్వ ఉంటుందని అడిగితే అందరూ ముందు అడవుల పేరే చెబుతారు. చెట్టు కంటికి కనిపిస్తుంది కదా! నిజానికి నేలలో పై మీటరు లోతులోనే, గాలిలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ ఉంది. అందులోనూ పీట్ నేలల సంగతి వేరు. ఏడాది పొడవునా నీళ్లు నిలిచే చోట రాలిన ఆకులు, కొమ్మలకు గాలి తగలదు. అవి పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పొరలుగా పేరుకుంటాయి. అదే పీట్. ప్రపంచ భూభాగంలో ఇది 3 శాతమే. అయినా అడవుల్లోని చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ దీనిలోనే ఉంది.

మధ్య ఆఫ్రికాలోని కాంగో నదీ పరీవాహక ప్రాంతంలో పీట్ ఎంతుందో 2017 దాకా సరైన మ్యాప్ లేదు. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, కాంగో రిపబ్లిక్ పరిశోధకులు కలిసి దాన్ని తయారుచేశారు. ఉపగ్రహానికి చిత్తడి అడవి కనిపిస్తుంది గానీ, కింద పీట్ ఉందో లేదో తెలియదు. బురదలో నడిచి వెళ్లి, మట్టి తీసి చూడాల్సిందే. తేలింది 1,45,500 చదరపు కిలోమీటర్లు, సుమారు 3,000 కోట్ల టన్నుల కార్బన్. ప్రపంచమంతా మూడేళ్లలో బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలే కార్బన్‌తో ఇది దాదాపు సమానం.

అయితే ఆ మట్టి నమూనాలు కాంగో రిపబ్లిక్ వైపువే. పీట్‌లో ఎక్కువ భాగం నదికి అవతల, కాంగో పేరే ఉన్న మరో దేశం డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో ఉంది. అక్కడి శాస్త్రవేత్తలూ చేయి కలిపాక, 2022లో వచ్చిన కొత్త మ్యాప్‌లో విస్తీర్ణం 1,67,600 చదరపు కిలోమీటర్లకు పెరిగింది, సగటు లోతు తగ్గింది. మొత్తం కార్బన్ మాత్రం 2,900 కోట్ల టన్నులు, అంటే ఇంచుమించు పాత లెక్కే! మరి ఇంత కష్టం ఎందుకు అంటారా? మొత్తం ఎంతో తెలిస్తే చాలదు, ఏ చోట ఎంతుందో తెలియాలి. కాలువ తవ్వి నీళ్లు తీసేస్తే పీట్‌కు గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. ఎండితే నిప్పూ అంటుకుంటుంది. 2015లో ఇండోనేషియాలో అదే జరిగింది. ఆ దెబ్బ తిన్న ఇండోనేషియానే 2018లో రెండు కాంగో దేశాలతో కలిసి, పీట్ నేలల రక్షణ కోసం కాంగో రిపబ్లిక్ రాజధాని బ్రాజవిల్‌లో ప్రకటన మీద సంతకం చేసింది. సంతకాలతో అంతా సర్దుకుంటుందని నేననుకోను. 2022 జూలైలో, కొత్త మ్యాప్ వచ్చిన నెలలోనే, డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో చమురు బ్లాకులను, అంటే చమురు తవ్వుకోడానికి ఇచ్చే ప్రాంతాలను, వేలానికి పెట్టింది. వాటిలో కొన్ని పీట్ నేలల మీదే పడుతున్నాయని మ్యాప్ పక్కన పెట్టుకుని చెప్పగలిగారు. 2024లో ఆ వేలం రద్దయింది. మరుసటి ఏడాది మళ్లీ కొత్త బ్లాకుల జాబితా బయటికొచ్చింది.