సైకిల్ సీటు కిర్రుమంటోందా? బోల్టు బిగించే ముందు ఇది చూడండి

విజువల్: సీటు అడుగుభాగం, బాగా దగ్గరగా. మనిషి కూర్చుని తొక్కుతున్న శబ్దం మాత్రమే: కిర్... కిర్... కిర్...

వాయిస్: పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా కిర్రుమంటే అనుమానం ముందుగా పెడల్ మీదకో, బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు) మీదకో పోతుంది. బీబీ మార్పించినా చప్పుడు పోని సైకిళ్లు చాలానే ఉంటాయి. కాలు కిందికి తొక్కిన ప్రతిసారీ నడుము కాస్త పక్కకు ఒరుగుతుంది. దాంతోపాటు సీటు కూడా వెంట్రుకవాసి కదులుతుంది. అక్కడ పుట్టిన చప్పుడు సీటుపోస్టు (సీటును మోసే గొట్టం) గుండా ఫ్రేములోకి దిగి, బోలు గొట్టాల్లో మోగి, కాళ్ల దగ్గర నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకే చెవిని నమ్మి విడిభాగాలు కొనకండి.

విజువల్: ఖాళీ రోడ్డు. రైడర్ లేచి నిలబడి తొక్కుతాడు. తర్వాత కూర్చుని, పెడల్ ఆపి, నడుము అటూ ఇటూ కదుపుతాడు.

వాయిస్: ముందు సీటుకు కట్టిన సంచి, వెనక లైటు, జెల్ కవరు అన్నీ తీసేయండి. అప్పుడు రెండు పరీక్షలు. లేచి నిలబడి తొక్కినప్పుడు చప్పుడు ఆగిందా? ఆగితే సీటు వైపే వెతకాలి. రెండోది, సైకిల్ దానంతట అది పోతుండగా పెడల్ తిప్పకుండా కూర్చుని బరువు కుడికీ ఎడమకీ మార్చండి. అప్పుడూ కిర్రుమంటే బీబీకి సంబంధం లేదు. నిలబడినా చప్పుడు వస్తుంటే మాత్రం ఈ వీడియోలో చెప్పే పని మీ సైకిల్‌కు కాదు. పెడళ్లు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ), బీబీ చూసుకోవాలి.

విజువల్: స్టాండు మీద సైకిల్. ఒక చెయ్యి సీటు ముక్కును నొక్కుతోంది, రెండో చేతి వేలి కొన రెయిల్ మీద.

వాయిస్: సీటులో చప్పుడు పుట్టే చోట్లు మూడే: సీటు అడుగున ఉండే రెండు కడ్డీలను, అంటే రెయిల్స్‌ను, సీటుపోస్టు తల మీది క్లాంపు పట్టుకునే చోటు, సీటుపోస్టు ఫ్రేములోకి దిగే చోటు, రెయిల్స్ కొనలు సీటు ప్లాస్టిక్‌లోకి గుచ్చుకునే చోటు. ఒక చేత్తో సీటును నొక్కి మెలిపెడుతూ, రెండో చేతి వేలిని ఒక్కో అతుకు మీద పెట్టండి. కదిలే అతుకు దగ్గర వేలికి చిన్న టిక్కు తగులుతుంది. చెవికంటే వేలే నమ్మకం.

తేలకపోతే ఒక అతుకు మీద మాత్రమే నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ తొక్కండి. కాసేపు చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. అన్ని చోట్లా ఒకేసారి నూనె పోస్తే మాత్రం ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

విజువల్: క్లాంపు విప్పుతున్న చేతులు. రెయిల్ మీద మెరుస్తున్న గీత, దాని అంచున నల్లటి జిగురు.

వాయిస్: క్లాంపే ఎక్కువసార్లు దొరికే చోటు. విప్పే ముందు రెయిల్ మీద సీటు ఎక్కడుందో టేపు అంటించి గుర్తు పెట్టుకోండి, వంపుకు ఫోటో తీసుకోండి. విప్పాక రెయిల్‌ను చూడండి. క్లాంపు పట్టిన చోట అద్దంలా మెరిసే మచ్చ, పక్కన నల్లటి ముద్ద కనిపిస్తే రెండు లోహాలు పొడిగా రాసుకున్నాయని అర్థం. ఆ ముద్దలో ఉన్నది దుమ్ము, చెమట ఉప్పు, అరిగిన లోహపు పొడి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కిర్రుమనగానే పానా తీసుకుని ఇంకో అర చుట్టు బిగిస్తారు. రెండు రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ బిగిస్తారు. చివరకు మర అయినా పోతుంది, బోల్టు అయినా తెగుతుంది. కావలసింది విప్పి తుడవడం. గుడ్డముక్కకు కాస్త కిరోసిన్ తడిపి రెయిల్, క్లాంపు ముక్కలు, ఆ రెండూ కూర్చునే గుంట శుభ్రం చేయండి. సీటు కవరుకు కిరోసిన్ తగలనివ్వకండి. ఆరాక లోహపు రెయిల్‌కు వేలితో పలచటి పొరలా గ్రీజు రాయండి. బోల్టు మరలకూ, తలకాయ కింద వాషరుకూ కూడా రాయాలి. అక్కడ పొడిగా ఉంటే బోల్టు బిగిసినట్టు చేతికి అనిపిస్తుంది, క్లాంపు మాత్రం వదులుగానే ఉంటుంది.

ఎంత బిగించాలన్నదానికి సీటుపోస్టు మీద ముద్రించిన అంకే ప్రమాణం. ఒకే పెద్ద బోల్టు ఉండే రకానికి సాధారణంగా 12 నుంచి 18 న్యూటన్ మీటర్లు (బిగింపు బలాన్ని, అంటే టార్కును, కొలిచే ప్రమాణం), రెండు చిన్న బోల్టులదైతే ఒక్కోదానికి 5 నుంచి 10. ఎంత బిగిసిందో చూపే పానా, అంటే టార్క్ రెంచి, లేనివాళ్లకు ఒక అందాజు: 15 సెంటీమీటర్ల పిడి చివర 10 కిలోల బరువు వేలాడితే దాదాపు 15 న్యూటన్ మీటర్లు. రెండు బోల్టులుంటే కొంచెం ఇది, కొంచెం అది, మార్చి మార్చి బిగించండి. కార్బన్ రెయిల్స్‌కు గ్రీజు వద్దు, గుండ్రటి రెయిల్ కోసం చేసిన క్లాంపూ వద్దు. చాలా కార్బన్ రెయిల్స్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, ఆ క్లాంపు వాటిని నలిపేస్తుంది.

విజువల్: సీటుపోస్టు బయటకు లాగడం. గొట్టం నిండా మట్టి గీతలు.

వాయిస్: తర్వాత సీటుపోస్టు. ఎత్తుకు టేపు గుర్తు పెట్టి, ఫ్రేము పైకొనన పోస్టును బిగించి పట్టే కాలరును వదులు చేసి బయటకు లాగండి. వెనక చక్రం చిమ్మిన నీళ్లు, ఇసుక కాలరు చీలికలోంచే లోపలికి దిగుతాయి. పోస్టునూ, గొట్టం లోపలనూ తుడిచి కొత్త గ్రీజు రాయండి. కాలరు బోల్టుకు సాధారణంగా 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు. పోస్టు గానీ ఫ్రేము గానీ కార్బన్‌దైతే గ్రీజుకు బదులు కార్బన్ పేస్టు (జారకుండా పట్టునిచ్చే ముద్ద) వాడాలి. తిరిగి దించేటప్పుడు పోస్టు మీది కనీస లోతు గీత బయటకు కనబడకూడదు.

చప్పుడు లేకపోయినా ఈ పని ఏడాదికి రెండుసార్లు చేయండి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం పోస్టు తడిసి అలాగే ఉండిపోతే రెండూ పట్టేసుకుంటాయి. అప్పుడు దాన్ని తీయడం మహా కష్టం.

విజువల్: సీటు తలకిందులు. రెయిల్ కొన ప్లాస్టిక్‌లోకి వెళ్లే గుంటలో నూనె చుక్క పడుతుంది.

వాయిస్: రెయిల్ కొనల దగ్గర చప్పుడైతే విప్పడానికి ఏమీ ఉండదు. సీటు తిరగేసి ఒక్కో గుంటలో ఒకట్రెండు చుక్కల చైన్ ఆయిల్ వేయండి, కుట్టుమిషన్ నూనె అయినా పర్వాలేదు. లోపలికి దిగేలా సీటును పిసికి, పైకి వచ్చింది తుడిచేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకు జిగురుకట్టి దుమ్ము పట్టేస్తుంది.

విజువల్: పాత నల్ల సైకిల్. స్ప్రింగుల సీటు, దాని క్లిప్పు.

వాయిస్: స్ప్రింగుల సీటు సంగతి వేరు. స్ప్రింగు కొక్కెం తగులుకున్న చోట తుప్పు ఉంటే బ్రష్షుతో గీకి గ్రీజు పెట్టండి. క్లిప్పులో పళ్ల బిళ్లలు ఉంటాయి. అవి అరిగిపోతే ఎంత బిగించినా సీటు ముక్కు పైకి లేస్తూనే ఉంటుంది. అది బిగింపు లోపం కాదు. కొత్త క్లిప్పు వేసి, రెండు వైపుల నట్లూ సమానంగా బిగించండి.

విజువల్: రెయిల్ మీద సన్నటి పగులు, టార్చి వెలుతురులో.

వాయిస్: తుడిచినప్పుడు టార్చి వేసి రెయిల్స్ చూడండి, ముఖ్యంగా క్లాంపు అంచు తగిలే చోట. వెంట్రుకంత పగులు ఉన్నా ఆ సీటు మీద కూర్చోకండి. వెల్డింగు, జిగురు దానికి పనికిరావు. ప్లాస్టిక్ గుంట చీలినా సీటు మార్చాల్సిందే. పగుళ్లు లేకపోతే మొదటి రైడ్ అయ్యాక క్లాంపు బోల్టుకు అదే టార్కు ఇంకోసారి పెట్టి చూడండి. గ్రీజు సర్దుకునే కొద్దీ అది కాస్త వదులవుతుంది.